వానలు పట్టాక కంపోస్టు డ్రమ్ము కంపు కొడుతోంది, పారేయాలా, బాగుచేసుకోవచ్చా?

మేడమీద మొక్కలు (విజయనగరం)
జూలై 6, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది దాసన్నపేట వైపు, రెండో అంతస్తులో అద్దె ఇల్లు. ఏప్రిల్‌లో పాత నీళ్ళ డ్రమ్ము ఒకటి, 60 లీటర్లది, తీసుకుని వంటింటి చెత్తతో కంపోస్టు మొదలుపెట్టాను. కూరగాయల తొక్కలు, టీ పొడి, అరటి తొక్కలు, రాత్రి మిగిలిన అన్నం, సాంబారులో ముక్కలు, అన్నీ అందులోకే. మే అంతా ఎండలకి ఏ గొడవా లేదు. జూన్ చివరి నుంచి వానలు పట్టుకున్నాక మూత తీస్తే చాలు కుళ్ళిన కోడిగుడ్డు వాసన, దాంతోపాటు పులిసిపోయిన వాసన. కింద ఇంటావిడ మంచి మనిషే, కానీ నిన్న పైకి వచ్చి "ఏటమ్మా ఇది, గుమ్మంలో నిలబడలేకపోతున్నాం, రెండు వారాల్లో తీసెయ్యి" అని చెప్పి వెళ్ళారు. ఆవిడని తప్పుపట్టలేను.

మొదట ఫినాయిలు చల్లాను, ఒక్కరోజు తగ్గి మళ్ళీ వచ్చింది. తర్వాత ఎవరో చెప్పారని రెండు గుప్పిళ్ళు సున్నం వేసి కలిపాను. అప్పుడు ఇంకో రకం వాసన, కళ్ళు మండేంత ఘాటు. అడుగున నల్లటి నీళ్ళు, పైన తెల్లటి పురుగులు. మూడు నెలలు కష్టపడ్డాను, మా చెత్త మళ్ళీ వీధి చివర కుప్పలో పడటం నాకు ఇష్టం లేదు. ఇది బాగుపడుతుందా? తెలిసినవాళ్ళు చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)
జూలై 6, రాత్రి 10:15

పారేయకండి, బాగుపడుతుంది. నాది కూడా రెండేళ్ళ కిందట సరిగ్గా ఇలాగే అయింది. ముందు నాలుగు విషయాలు చెప్పండి. డ్రమ్ముకి అడుగున చిల్లులు ఉన్నాయా? పక్కల గాలి ఆడే చిల్లులు ఉన్నాయా? వాన నేరుగా పడుతుందా? చెత్తతోపాటు ఎండు సరుకు ఏం వేస్తున్నారు, ఎంత వేస్తున్నారు? ఇంకొకటి, చేతికి కవరు తొడుక్కుని మధ్యలోంచి గుప్పెడు తీసి గట్టిగా పిండి చూడండి. ఒకటి రెండు చుక్కలు వస్తే సరిపోయింది, ధారగా కారితే మాత్రం అందులో కంపోస్టు కాదు, మురుగు ఉన్నట్టు.

మేడమీద మొక్కలు (విజయనగరం)
జూలై 7, ఉదయం 6:50

ఇప్పుడే పిండి చూశానండి, ధారే. చిల్లులు మూతకి మాత్రమే పెట్టాం. అడుగున పెడితే ఆ నీళ్ళు శ్లాబు మీద మరకలు పడతాయని మావారు వద్దన్నారు. వాన నేరుగా పడదు, సన్‌షేడ్ కింద ఉంది, జల్లు మాత్రం కొడుతుంది. ఎండు సరుకు వేస్తూనే ఉన్నాను. బియ్యం మిల్లు నుంచి తెచ్చిన పొట్టు, వారానికి రెండు కిలోలు.

చీపురుపల్లి మాస్టారు
జూలై 7, ఉదయం 8:05

అమ్మా, నేను రిటైరైన సైన్సు టీచర్ని, పెరట్లో పదకొండేళ్ళుగా కంపోస్టు చేస్తున్నాను. ఒక్క సందేహం. మిల్లు నుంచి తెచ్చిన పొట్టు అంటే ఊకా, తవుడా? బంగారు రంగులో గరుకుగా, పడవ ఆకారంలో ఉండేది ఊక. మెత్తగా, గోధుమ రంగులో, పశువులకి పెట్టేది తవుడు.

మేడమీద మొక్కలు (విజయనగరం)
జూలై 7, ఉదయం 8:20

మెత్తటిదేనండి. తవుడు! రెండూ ఒకటే అనుకున్నాను.

చీపురుపల్లి మాస్టారు
జూలై 7, ఉదయం 9:30

సగం రోగం అక్కడే దొరికింది. కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి, ఎందుకంటే కారణం తెలిస్తే ఇంకెప్పుడూ ఫినాయిలు జోలికి వెళ్ళరు.

చెత్తని మట్టిగా మార్చేవి సూక్ష్మజీవులు. వాటిలో గాలి పీల్చేవి ఉంటాయి, గాలి లేకపోయినా బతికేవి ఉంటాయి. గాలి పీల్చేవి పనిచేస్తే వచ్చేది తొలకరి వానకి లేచే మట్టి వాసన. నీళ్ళు నిండిపోయి సందులన్నీ మూసుకుపోతే గాలి అక్కర్లేనివి రాజ్యం ఏలతాయి, అప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది, అదే మీరు చెప్పిన కోడిగుడ్డు వాసన. పులిసిన వాసన కూడా అక్కడి నుంచే, అన్నం, పళ్ళు గాలి లేకుండా పులిసి ఆమ్లాలుగా మారతాయి. మూడోది అమోనియా ఘాటు. చెత్తలో నత్రజని ఎక్కువై కర్బనం తక్కువైతే అది వస్తుంది. మీ విషయంలో మాత్రం దాన్ని పైకి లేపింది సున్నం. క్షారం తగలగానే చెత్తలో కరిగి ఉన్న నత్రజని అమోనియా వాయువుగా మారి పైకి ఎగిరిపోతుంది. మొక్కలకి అందాల్సిన బలం గాలిలో కలిసిపోయిందన్నమాట. అందుకే కళ్ళు మండాయి.

కూరగాయల తొక్కల్లో దాదాపు 80 నుంచి 90 శాతం నీళ్ళే. కంపోస్టులో తడి 50, 60 శాతం దగ్గర ఉండాలి. ఆ తేడాని పీల్చుకునేది ఎండు సరుకే. కర్బనం, నత్రజని బరువులో సుమారు 25 లేదా 30కి 1 ఉంటే పని చక్కగా సాగుతుంది. తొక్కల్లో అది 15, 20 దాకానే ఉంటుంది. ఎండాకుల్లో 50 దాటుతుంది, కొబ్బరి పొట్టులో 100 దగ్గర, రంపపు పొట్టులో కొన్ని వందలు. తవుడు మాత్రం తొక్కల జాతిదే, నూనె, మాంసకృత్తులు ఉన్న మేత అది. తడి తగిలితే ముద్దకట్టి పులుస్తుంది. మీరు ఎండు సరుకు అనుకుని వారానికి రెండు కిలోల పచ్చి సరుకు కలిపారు.

ఈ కొలతలన్నీ తూకం వేసి చేయక్కర్లేదు. ఒక గిన్నె చెత్తకి ఒక గిన్నెన్నర ఎండు సరుకు, వానాకాలంలో రెండు గిన్నెలు. అంతే.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)
జూలై 7, మధ్యాహ్నం 1:10

మాస్టారు కారణం చెప్పారు, నేను చేతిపని చెప్తాను. ఇది సగం సగం చేస్తే ఉపయోగం లేదండి, ఒక ఆదివారం పూర్తిగా పెట్టుకోండి. ముందుగా కింద ఇంటావిడకి చెప్పండి, "ఇవాళ రెండు గంటలు వాసన వస్తుంది, తర్వాత పోతుంది" అని. చెప్పకుండా డ్రమ్ము తిరగేస్తే ఆ రోజే గొడవవుతుంది.

మేడ మీద వాన తగలని మూల పాత టార్పాలిన్ పరిచి మొత్తం దాని మీద గుమ్మరించండి. ముక్కుకి గుడ్డ కట్టుకోండి, ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్ళుంటే ఆ పని వాళ్ళకి ఇవ్వొద్దు. ఆ ముద్దలో ఎండాకులు, ఊక, చింపిన అట్టముక్కలు, కోడిగుడ్ల అట్ట ట్రేలు, ఏది దొరికితే అది, సమానంగా కలిపి జానెడు మందం మించకుండా పరవండి. పైన ఇంకో పొర ఎండుమట్టి చల్లితే వాసన చాలామటుకు అక్కడే ఆగిపోతుంది, మట్టికి ఆ గుణం ఉంది. రెండు రోజులు అలా ఆరనివ్వండి.

ఈలోగా డ్రమ్ము కడిగి, ఇనుప చువ్వ కాల్చి అడుగున పది పన్నెండు చిల్లులు, పక్కల చుట్టూ బెత్తెడు ఎడంతో మూడు వరసలు పెట్టండి. నాలుగు ఇటుకల మీద నిలబెట్టి కింద పాత ప్లాస్టిక్ బేసిను పెడితే శ్లాబుకి మరక పడదు, మీవారి బెంగ తీరిపోతుంది. అడుగున కొబ్బరి డొక్క ముక్కలు, ఎండు పుల్లలు నాలుగు వేళ్ళ మందం వేయండి. నీళ్ళు దిగటానికి, కింద నుంచి గాలి రావటానికి అదే దారి. ఆ పైన ఆరిన చెత్త.

తర్వాత నుంచి రోజూ వేసే చెత్త పైన పడేసి మూత పెట్టకుండా, మధ్యలో గుంట చేసి అందులో వేసి ఎండు సరుకుతో కప్పండి. పైకి తొక్క కనపడకూడదు. మూడు రోజులకోసారి చువ్వతో కలియబెట్టండి.

ఉద్దానం కొబ్బరి (కవిటి)
జూలై 7, రాత్రి 8:30

జూలైలో ఎండాకులు ఎక్కడ దొరుకుతాయి, అన్నీ తడిసి ఉంటాయి కదా. మా వైపు పీచు తీసేచోట కొబ్బరి పొట్టు గుట్టలుగా ఉంటుంది. దాని బరువుకి ఎన్నో రెట్లు నీరు పీల్చుకుంటుంది, వానాకాలానికి దాన్ని మించింది నేను చూడలేదు. నర్సరీల్లో 5 కిలోల ఇటుకలుగా కూడా అమ్ముతారు. కుండీలకైతే నీళ్ళలో నానబెట్టి వాడతాం, కంపోస్టుకి మాత్రం నానబెట్టొద్దు, ఎండుగానే గీరి పొడిచేసి వేయండి. చాలామంది అలవాటుగా నానబెట్టేసి, ఇది కూడా పనిచేయలేదు అంటారు. ముందే నీళ్ళు తాగేసిన పొట్టు ఇంక ఏం పీలుస్తుంది?

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు మా తోటలో చెట్లు పడిపోయి మట్టలు, కాయలు, పచ్చి ఆకు అంతా ఒకేచోట పోగేశాం. తడి ఆకు కుప్ప లోపల నుంచి వారానికే కంపు మొదలైంది. ఎండుమట్టలు నరికి మధ్యమధ్యలో పొరలుగా పెట్టాక తగ్గింది. కుప్పకి గాలి ఎంత అవసరమో ఆ నెలలో తెలిసింది.

బొబ్బిలి అమ్మమ్మ
జూలై 8, ఉదయం 5:45

తల్లీ, మా మనవడు టైపు చేస్తున్నాడు, నేను చెప్తున్నాను. మా అత్తవారింట్లో గత్తం గొయ్యి ఇంటికి పది అడుగుల్లో ఉండేది. పది మందికి వండేవాళ్ళం, ఎప్పుడూ వాసన లేదు. ఎందుకంటే రోజూ వాకిలి ఊడ్చిన కసువు, పొయ్యిలో బూడిద, పశువుల కింద పరిచిన గడ్డి, అన్నీ ఆ చెత్త మీదే పడేవి. పైగా అన్నం, కూర అందులోకి వచ్చేదే కాదు. గంజి, కడుగునీళ్ళు కుడితిలోకి, మెతుకులు కోళ్ళకి. మీ డ్రమ్ములోకి సాంబారు వెళ్తే అది ఏం చేస్తుంది పాపం? సాంబారు, పెరుగన్నం, నూనె కూరలు వెయ్యకు. ఎవరైనా ఆవున్నవాళ్ళుంటే గుప్పెడు పేడ తెచ్చి కొంచెం పుల్ల మజ్జిగలో కలిపి చిలకరించు, పని తొందరగా పట్టుకుంటుంది.

చీపురుపల్లి మాస్టారు
జూలై 8, ఉదయం 7:15

అమ్మమ్మగారు చెప్పిన కసువు పొర చాలా గొప్ప మాట. ఒక్క బూడిద దగ్గర మాత్రం చిన్న మనవి. బూడిద కూడా క్షారమే. పెద్ద గోతిలో గంపెడు గడ్డి మధ్య పడితే తెలియదు, 60 లీటర్ల డ్రమ్ములో ఎక్కువ వేస్తే సున్నం వేసినట్టే. వారానికి ఒక చిన్న గుప్పెడు చాలు, ఇప్పటికే సున్నం పడింది కాబట్టి ఈ నెల అసలు వద్దు. దానికి బదులు బొగ్గు ఉంటే పొడి చేసి వేయండి, వాసన పట్టుకుంటుంది.

కళింగపట్నం గాలి
జూలై 8, రాత్రి 9:00

మధ్యలో అడుగుతున్నాను, ఏమనుకోకండి. మాది సముద్రం పక్క, వారానికి నాలుగు రోజులు చేపలే. చేప తలలు, పొలుసు, రొయ్య డొల్లలు ఏం చేస్తున్నారు మీరంతా? ఒకసారి కంపోస్టులో వేస్తే రాత్రి కుక్కలు డబ్బా పడగొట్టాయి, మూడు ఇళ్ళవాళ్ళు వచ్చి అడిగారు. నాది పెరడున్న ఇల్లే.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)
జూలై 8, రాత్రి 9:35

చేపది డబ్బాలో వద్దు. పెరడుంది కాబట్టి కొబ్బరి చెట్టు మొదలుకి రెండు మూడు అడుగుల దూరంలో మూర లోతు గొయ్యి తీసి, అందులో వేసి మట్టి గట్టిగా తొక్కండి, పైన ఒక రాయి పెట్టండి. లోతు తక్కువైతే కుక్కలు తవ్వేస్తాయి. చేప చెత్త వెంటనే పాతాలి, రాత్రంతా వంటింట్లో ఉంచి పొద్దున్న చూద్దాం అంటే వాసన ఇంట్లోనే మొదలవుతుంది. వీలుకాని రోజు కవర్లో కట్టి ఫ్రీజర్లో పెట్టేస్తాం మేము. మా అమ్మకి మొదట నచ్చలేదు, ఇప్పుడు తనే పెడుతోంది.

మీ వైపు సరుగుడు తోటలుంటాయి కదా, ఆ రాలిన ఆకు బస్తాలకెత్తుకోండి. త్వరగా కుళ్ళదు నిజమే, కానీ ముద్ద కట్టకుండా గాలి సందులు నిలబెడుతుంది.

పలాస జీడితోట
జూలై 9, ఉదయం 11:20

మాకు దగ్గర్లో ఉన్నది జీడిమామిడి ఆకు. మందంగా, తోలులా ఉంటుంది, అలాగే వేస్తే ఒకదానిమీద ఒకటి పొరలుగా అతుక్కుని నీళ్ళు దిగనివ్వదు. బాగా ఎండినది కాళ్ళతో తొక్కి నలిపి వేయండి. జీడి గింజ పైపెంకు మాత్రం ఎవరూ వేయొద్దు, అందులో నూనె చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది, కలియబెట్టేటప్పుడు చేతులు కాలతాయి. జీడిపళ్ళ కాలంలో ఆ పళ్ళు పులిసి కల్లు వాసన వస్తుంది, అప్పుడు మేము ఊక రెట్టింపు వేస్తాం.

కొత్తగా కంపోస్టు (రాజాం)
జూలై 9, మధ్యాహ్నం 3:00

ఇంత కష్టం ఎందుకండీ, ఆన్‌లైన్లో కంపోస్టు పౌడర్లు దొరుకుతున్నాయి, వాసన రాదని రాశారు. నేను ఆర్డర్ పెట్టాను. వేస్ట్ డీకంపోజర్ సీసా కూడా మంచిదని విన్నాను. ఎవరైనా వాడారా?

చీపురుపల్లి మాస్టారు
జూలై 9, సాయంత్రం 5:40

వేస్ట్ డీకంపోజర్ ఘజియాబాద్‌లోని జాతీయ సేంద్రియ వ్యవసాయ కేంద్రం 2015లో తెచ్చింది. ఒక చిన్న సీసా మందు, రెండు కిలోల బెల్లం, 200 లీటర్ల నీళ్ళు, రోజూ కలుపుతూ ఐదారు రోజులు ఉంచితే తయారవుతుంది. పొలంలో కుప్పలకి నేను వాడాను. కానీ అది ద్రవం బాబూ. ఈ అమ్మాయి డ్రమ్ములో ఉన్న కష్టమే నీళ్ళు. ఆరాక, గాలి దారి పడ్డాక, ఒక గ్లాసు చిలకరిస్తే తప్పులేదు. పొడులు కూడా అంతే, వాటిలో చాలావాటికి ఆధారం కొబ్బరి పొట్టే, అందులో కలిపిన సూక్ష్మజీవులు పనిచేయాలన్నా గాలి కావాలి.

మేడమీద మొక్కలు (విజయనగరం)
జూలై 13, రాత్రి 8:50

నిన్న ఆదివారం చేశామండి. ముందుగా కిందకి వెళ్ళి ఇంటావిడకి అంతా చెప్పాను. ఆవిడే "మా పెరట్లో మామిడాకులు షెడ్డులో గోనెసంచిలో ఉన్నాయి, నీళ్ళు కాచుకోటానికి దాచాను, పట్టుకెళ్ళు" అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఊక మిల్లు నుంచి రెండు బస్తాలు తెచ్చాం, ఈసారి చేత్తో పట్టుకుని చూసి మరీ తెచ్చాను.

గుమ్మరించినప్పుడు వచ్చిన వాసన జన్మలో మర్చిపోను. అడుగున దాదాపు ఒక బకెట్ నల్లనీళ్ళు. తవుడు ముద్దలు చక్రాల్లా గట్టిపడి లోపల బూడిద రంగులో ఉన్నాయి. కలిపి, పరిచి, మట్టి చల్లాక సాయంత్రానికే సగం తగ్గింది. రెండు ప్రశ్నలు. ఆ నల్లనీళ్ళు మొక్కలకి పోయొచ్చా? పురుగులని ఏం చేయాలి? బూడిద రంగులో చదునుగా, వేలి గోరంత ఉన్నాయి, కొన్ని తెల్లగా సన్నగా ఉన్నాయి.

నాగావళి ఒడ్డు (శ్రీకాకుళం)
జూలై 13, రాత్రి 9:20

ఆ నీళ్ళు కుళ్ళినవి, పైగా ఫినాయిలు, సున్నం పడ్డాయి. కుండీలకి వద్దు, ఆకుకూరలకి అసలు వద్దు. ఇకమీదట బేసినులోకి కారేది కొంచెమే ఉంటుంది, అది తిరిగి ఎండు సరుకు మీదే పోసేయండి, లేదా పదింతలు నీళ్ళు కలిపి పూలమొక్కల మొదట్లో పోయండి.

చదునుగా ఉన్నవి బ్లాక్ సోల్జర్ ఫ్లై పిల్లలు. చూడటానికి భయంగా ఉంటాయి కానీ చెత్తని గబగబా తింటాయి, ఆ ఈగ పెద్దయ్యాక మన అన్నం మీద వాలదు, కుట్టదు. సన్నగా తెల్లగా ఉన్నవి మామూలు ఈగ పురుగులు. రెండూ తడి ఎక్కువైతేనే ఇంతగా పెరుగుతాయి. మందు కొట్టొద్దు, ఆరితే వాటంతటవే తగ్గుతాయి. పక్కల చిల్లులకి పాత దోమతెర ముక్క అంటించండి.

బొబ్బిలి అమ్మమ్మ
జూలై 14, ఉదయం 6:00

కోళ్ళున్నవాళ్ళకి ఇచ్చెయ్యి తల్లీ ఆ పురుగులు, ఎగబడి తింటాయి.

చీపురుపల్లి మాస్టారు
జూలై 14, ఉదయం 8:30

అంతకన్నా ముందు ఒక్కమాట అమ్మమ్మగారూ, ఈ డ్రమ్ములో ఫినాయిలు పడింది. ఈ విడత పురుగులు కోళ్ళకి వద్దు, తర్వాతి విడత నుంచి ఇవ్వొచ్చు. అలాగే అమ్మా, ఈ విడత ఎరువు కూడా కూరగాయలకి కాకుండా మందారం, నందివర్ధనం లాంటి వాటికి వాడండి.

ఇంకొకటి మర్చిపోయాను. ఈ తేమ గాలికి మూత లోపలివైపు చెమట పట్టి రాత్రంతా తిరిగి చెత్త మీదే కారుతుంది. వాన పడకపోయినా డ్రమ్ము తడవటానికి అదొక కారణం. గోనెసంచి ముక్క ఒకటి గుండ్రంగా కత్తిరించి మూత కింద, చెత్త పైన పరవండి. నాలుగు రోజులకోసారి తీసి ఆరేయండి.

మేడమీద మొక్కలు (విజయనగరం)
జూలై 29, రాత్రి 9:10

పదిహేను రోజులైంది, చెప్తానన్నాను కదా. డ్రమ్ము పక్కన నిలబడి టీ తాగాను ఇవాళ. మూత తీస్తే అడవిలో తడి ఆకుల వాసన, అంతే. మధ్యలో చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. పోయిన వారం ఒకరోజు మళ్ళీ పులిసిన వాసన వచ్చింది, చుట్టాలొచ్చారని పనస తొక్కంతా ఒకేసారి వేసేశాను. వెంటనే కలియబెట్టి మూడు గిన్నెలు ఊక వేస్తే రెండో రోజుకి పోయింది. గోనెముక్క ప్రతిసారీ తడిసి ముద్దవుతోంది మాస్టారూ, ఇన్నాళ్ళూ ఆ నీరంతా లోపలికే వెళ్ళిందన్నమాట. ఇంటావిడ తీసెయ్యమన్న మాట మళ్ళీ ఎత్తలేదు. నిన్న వాళ్ళ చెత్తబుట్ట కూడా పైకి పంపించారు, అందుకే రెండో డ్రమ్ము కొంటున్నాం.

ఇప్పుడు ఆలోచన అంతా దసరా తర్వాత సిరిమానోత్సవం గురించి. ఆ వారం మా ఇంట్లో రోజుకి పదిహేను మంది భోజనాలు చేస్తారు, అరటాకులే ఒక గుట్ట అవుతాయి. అప్పటికి ఎంత ఎండు సరుకు దాచుకోవాలి?

ఉద్దానం కొబ్బరి (కవిటి)
జూలై 29, రాత్రి 9:45

ఊక ఉంది కాబట్టి ఇంకో మూడు బస్తాల కొబ్బరి పొట్టు చాలు. అరటాకులు బెత్తెడు ముక్కలుగా కోసి ఒకరోజు నీడన వాడనివ్వండి, సగానికి సగం తగ్గిపోతాయి. తిని మిగిలినవి మాత్రం ముందు దులిపి పక్కన పెట్టండి. వచ్చే నెలలో మా బండి విజయనగరం వస్తుంది, కాయలు దించటానికి. పొట్టు బస్తాలు అందులో వేయిస్తాను, రైతుబజారు దగ్గర తీసుకోండి.

బొబ్బిలి అమ్మమ్మ
జూలై 30, ఉదయం 5:50

నాకూ ఒక బస్తా చెప్పు బాబూ. మా మనవడు డ్రమ్ముకి చిల్లులు పెడుతున్నాడు.